పంతం పట్టిన వెనక చక్రాలు

మా వీధి మెకానిక్కుని అందరూ అతుకులాయన అంటారు. బోల్టును వేళ్ళ మధ్య తిప్పి చూసి, అది ఏ కారుదో, ఆ కారు యజమాని ఎంత పిసినారో కూడా చెప్పేస్తాడు. నేను కళ్ళారా చూశాను, నమ్మకపోతే మీ ఖర్మ. కోపం వస్తే అరవడు, గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటాడు. పోయినేడు ఆయన పాత కారు వీధి వాలులో జారి, బావమరిది కొత్త కారును గుద్దింది. "బావా, ఈసారి చక్రం కింద ఇటుక పెట్టడానికి అక్కని కూడా తీసుకురా" అన్నాడు బావమరిది, చుట్టాలందరి ముందూ. ఆ రోజు అతుకులాయన తోలూడేలా చేతులు తుడుచుకున్నాడు. తర్వాత వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు పీకేసి, ఒక మోడల్ బ్రేకు డిస్కులూ, వాటిని నొక్కిపట్టే ఇంకో మోడల్ కాలిపర్లూ, మూడో మోడల్ హ్యాండ్‌బ్రేకు తీగా తెచ్చి, కుదరని చోటల్లా ఆకురాయితో అరగదీసి ఏడు నెలల్లో కుదిర్చాడు.

నిన్న ఉదయం బావమరిది ఆఫీసుకు బయల్దేరే వేళకు, అదే వాలులో, వాళ్ళ గేటుకు అడ్డంగా అతుకులాయన తన కారు ఆపాడు. గేరు వెయ్యకుండా ఒట్టి హ్యాండ్‌బ్రేకు లాగి, తాళం జేబులో వేసుకుని, ఎదురింటి మెట్ల మీద కూర్చున్నాడు.

"తియ్యి బావా, ఆలస్యమవుతోంది!"

"నెట్టరా. పల్లమేగా."

బావమరిది, వాళ్ళ నాన్న, పాలవాడు కలిసి పల్లానికి నెట్టారు. వీధి కదిలింది కానీ కారు కదల్లేదు.

"సరే బావా, నీ బ్రేకులు బ్రహ్మాండం. చాలా?"

"ఆయాసంలో సరిగ్గా పలకలేదురా. మంచినీళ్ళు తాగి, ఆ రోజు విన్న చుట్టాలందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పు. నాకేం తొందర లేదు."