మగ్గం మీది చీరకు వచ్చిన ఆర్డరు

బెంగళూరు కంపెనీవాళ్లు మా అమ్మాయికి లాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ పెట్టారు. ఈ ఉద్యోగమైనా రావాలని మా ఇద్దరికీ ఒకటే ఆత్రం. చప్పుడు కాకూడదని మగ్గం ఆపించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

అడిగేది తెలుగాయనే. "ఫుల్‌ స్టాక్‌ అని రాసుకున్నారు. అందరూ అదే రాసుకుంటారు. తీరా చూస్తే కంటికి కనిపించే పేజీ చేసేవాళ్లు వేరు, వెనకాల వివరాలు దాచి నడిపించేవాళ్లు వేరు. రెండూ వచ్చినవాళ్లు దొరకరమ్మా" అన్నాడు.

నాకు మా ధర్మవరం వీధే గుర్తొచ్చింది. రంగులద్దేవాళ్లు వేరు, మగ్గానికి పడుగు పోగులు అతికేవాళ్లు వేరు, నేసేవాళ్లు వేరు. అన్నీ తెలిసింది మా అత్త ఒక్కతే. ఆమె కూడా అతుకులకు మనిషిని పిలిచేది.

మా చీరలమ్మడానికి తను చేసిన సైటు చూపించింది అమ్మాయి. ఆయన పసుపు చీర నొక్కి ఆర్డరు పెట్టాడు. 'రేపు పంపుతాం' అని వచ్చింది.

ఆ చీర సైటులో పెట్టింది నేనే. కొంగు దాకా వస్తే చీర అయినట్టే మా ఇళ్లలో లెక్క. అందుకే నేత పూర్తికాకముందే అంచు దగ్గరగా ఫొటో తీసి ఎక్కించేశాను.

"అది ఇంకా మగ్గం మీదే ఉండాది సార్. కొంగు నేయల్ల. నాలుగు దినాలు పడతాది."

"మా, నువ్వు గమ్మునుండు."

"గమ్మునుంటే రేపు చీర యాణ్నుంచి తెచ్చిస్తావు?"

ఆయన నవ్వాడు. "ఈ తప్పు మళ్లీ రాకుండా ఇప్పుడే చేసి చూపించండి. గంట టైము."

పిల్ల వేళ్లు ఆగలేదు. చీరల వివరాలు దాచే చోట 'మగ్గం మీద ఉంది' అని కొత్త గడి పెట్టింది. పేజీ తెరిస్తే ఎర్ర అక్షరాలు.

"ఏమైందే?"

"వెనక రాసింది ముందుకు రాలేదుమా. నడమ యాడో తెగింది."

తెగిన పోగును గుడ్డ దగ్గర వెతకం, మగ్గం వెనకదాకా పోతాం. ఆమె అట్లాగే ఒక్కొక్క మెట్టు వెనక్కి పోతుంటే నాకు ఒళ్లు పులకరించింది. దొరికింది. ముడి వేసింది.

"ఇక మీకు రానిది ఏముంది?" అన్నాడాయన.

"ఒకేసారి వేలమంది వచ్చే సైటును నిలబెట్టేది సరిగా రాదు సార్. తెలిసినవాళ్లను అడుగుతాను."

ఆయన మళ్లీ ఆర్డరు పెట్టి చూశాడు. ఈసారి 'మగ్గం మీద ఉంది, నాలుగు రోజులు' అని వచ్చింది.

"ఈ వారం ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలో తమకు ఫలానాది రాదని ఒప్పుకుంది మీరొక్కరే. సోమవారం నుంచి రాగలరా?"

"వస్తాది సార్" అన్నాను.

"అడిగింది నన్నుమా" అంది పిల్ల, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.