ఎర్ర గీత మీద ముల్లు

“ఒక్క అయిదు నిమిషాలు పోనియ్యి బేటా! మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయితే నా చెల్లెను కబరస్తాన్‌కు తీస్కపోతరు. ఆఖరిసారి మొకం చూడాలె.”

“ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది చాచా. ఇంజన్ కాలిపోతే నా పిల్లలకు నువ్వు పెడ్తవా బువ్వ?”

ఉప్పుగూడ నుంచి కిషన్‌బాగ్ పోయే షేర్ కారులో, నా పక్కన కూర్చున్న ముసలాయనకూ డ్రైవరుకూ జరిగిన లొల్లి ఇది. బండి పాడైతే ఇల్లు గడవదని నేను కూడా డ్రైవరు వైపే మాట్లాడాను. అతను కారు పక్కకు ఆపాడు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుందని, ఇంజన్ చల్లారేదాకా ఆగాడు. ముసలాయన రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తాడు గానీ, ఆటోలన్నీ నిండుగా పోతున్నాయి.

చివరికి మూత తీస్తే నీళ్లు నిండా ఉన్నాయి. ఇంజన్ చల్లగా ఉన్నా, తాళం తిప్పగానే ముల్లు మళ్లీ ఎర్ర గీత మీదికే పోయింది. సెన్సార్ వైరు పీకితే కిందికి పడిపోయింది.

“సెన్సార్ ఖరాబైంది చాచా. ఇంజన్‌కు ఏం కాలే,” అన్నాడు డ్రైవరు. వైరు అట్లాగే వదిలేసి గబగబా బండి తీశాడు.

మేము చేరేసరికి జనం చేతుల మట్టి దులుపుకుంటూ కబరస్తాన్ నుంచి వస్తున్నారు. ముసలాయన కారు దిగి, డ్రైవరు తల మీద చెయ్యి పెట్టాడు.

“నీకెట్ల ఎరుక బేటా, ముల్లును చూసే గదా ఆపినవ్,” అని ఒక్కడే లోపలికి నడిచాడు.

మర్నాడు పొద్దున షేర్ కార్ల అడ్డాలో ఆ డ్రైవరు కనబడలేదు. సెన్సార్ మార్పించడానికి పోయాడా అని అడిగాను.

“లేదవ్వా, పూలు కొనుక్కొని కబరస్తాన్‌కు పోయిండు,” అన్నాడు పక్క కారతను.