అద్దానికి అంటుకున్న ముఖం

ఎనిమిదంగుళాలకు ఆరంగుళాల గాజు ముక్క ఒకటి పద్నాలుగేళ్ళుగా నా దగ్గర ఉంది. తూచితే పావుకిలో కూడా తూగదు. ఈలోగా స్టూడియో మూడుసార్లు మారింది, కెమెరా ఐదుసార్లు మారింది, నా నెత్తిన జుట్టు మాత్రం మారే ఓపిక లేక పోయింది. ఆ గాజు ముక్క పాత దినపత్రికలో చుట్టి బీరువా అడుగు అరలో అలాగే ఉంది. పారేయలేకపోయాను. బయటికి తీసి చూడనూ లేకపోయాను. దాని సంగతి మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మీలో నాకు నచ్చిన గుణం.

నేను మార్కాపురంలో ఫోటోగ్రాఫర్ని. మూడేళ్ళు కెమిస్ట్రీ చదివాను, మూడు నెలలు ఫోటోషాప్ నేర్చుకున్నాను. అన్నం పెట్టింది రెండోది. ఈ మధ్య పెద్దరికం కూడా వచ్చిపడింది. ఆదివారం పొద్దున మా స్టూడియోలో పదిమంది దాకా కూర్చుంటారు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు కొందరు, కొత్తగా కెమెరా కొన్న టీచర్లు ఇద్దరు, ఒక బ్యాంకు ఉద్యోగి, పిట్టల కోసం నల్లమల అంచుల్లో తిరిగే మిత్రుడు ఒకాయన. నాకు తెలిసింది చెబుతాను. పలకల గని దగ్గర మిట్టమధ్యాహ్నం తీస్తే నల్లరాయి కూడా తెల్లగా మండిపోతుంది, నాలుగు దాటనివ్వండి అంటాను. రాచర్ల వైపు గొర్రెల మందను తీసేటప్పుడు పొద్దుకు ఎదురుగా నిలబడండి, దుమ్మే మీకు సగం పని చేసిపెడుతుంది అంటాను. వాళ్ళు రాసుకుంటారు. నేను చెప్పింది ఎవరైనా రాసుకోవడం మా ఇంట్లో జరిగే పని కాదు గనక, అది చూడటానికి బాగుంటుంది.

పోయిన నెల పాఠం, పాత ఫోటోలను బాగుచేయడం. మొదటి సూత్రం చెప్పాను. అద్దానికి అంటుకున్న ఫోటోను లాగొద్దు. దాన్ని ముట్టుకోకముందే, అద్దంతో సహా కాపీ తీసిపెట్టుకోండి. కిటికీ పక్కన పెట్టండి, ఫ్లాష్ వద్దు. నల్లగుడ్డకు లెన్సు పట్టేంత చిల్లు చేసి దాని వెనకనుంచి తీస్తే మీ మొహం అద్దంలో పడదు.

బ్యాంకాయన చెయ్యెత్తాడు. “మీరెప్పుడన్నా లాగి చెడగొట్టినారా సార్?”

“లాగినోడే గదా లాగొద్దని చెప్పేది” అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజాన్ని నవ్వులో కలిపి దాటేయడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య. ఆ పూట మాత్రం వాళ్ళు వెళ్ళిపోయాక బీరువా దాకా వెళ్ళి, తెరవకుండానే వెనక్కి వచ్చాను.

నేను లాగి చెడగొట్టిన ఆ ఫోటో ఓబులమ్మది. అంటే, ఓబులమ్మ భర్తది. ఆయన పలకల గనిలో పనిచేసేవాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, కూతురికి ఏడాది నిండకముందే పోయాడు. ఆ తర్వాత ఓబులమ్మ పలకల ఫ్యాక్టరీలో చేరి, పలకలకు చెక్క ఫ్రేములు బిగిస్తూ కూతురు రామలక్ష్మిని చదివించింది. భర్తకు జీవితంలో ఉన్నది ఒక్కటే ఫోటో. పెళ్ళికి ముందు తిరునాళ్ళలో తీయించుకున్నది. నలుపు తెలుపు. కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, జేబులో పెన్ను ఉంది. పెన్ను ఆయనది కాదు, ఫోటో తీసినవాడిదని ఓబులమ్మే చెప్పింది. ఆయన గురించి ఆమె అలా చాలా చెప్పేది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పద్నాలుగేళ్ళ కిందట, వానకు గోడ చెమ్మెక్కి ఫోటో అద్దానికి అంటుకుపోయింది. పెద్దల అమావాస్య నాలుగు రోజులుంది. మా వైపు ఆ రోజు పోయినవాళ్ళ ఫోటోల ముందు కొత్త బట్టలు పెట్టి, వండినవి పెట్టి, దండ వేస్తారు. ఫోటో లేని ఇంట్లో పండగ కష్టం. అందుకే ఆ వారం మా స్టూడియోలన్నీ చచ్చిపోయినవాళ్ళతో కిటకిటలాడతాయి. ఓబులమ్మ ఫ్రేమును చీరకొంగులో చుట్టుకుని తెచ్చింది. నడుము దాకా కత్తిరించి పెద్దది చేసిపెట్టమంది.

ముందు కాపీ తీయాలని నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఇదంతా ఎందుకు రాస్తాను? ఫోటో కాగితం మీద ఉండే పొర జెలటిన్ అని, నీళ్ళు తగిలితే ఉబ్బి మెత్తబడుతుందని, అప్పుడు దానికి ఓపిక తప్ప మందు లేదని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కానీ పని ఎక్కువగా ఉంది, కాపీ తీయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు మిగిల్చాను. ట్రేలో నీళ్ళు పోసి ఫ్రేములోంచి తీసిన అద్దాన్ని అందులో పెట్టాను. కాసేపు చూసి, ఒక మూల పట్టుకుని లాగాను.

వచ్చింది. కుర్చీ వచ్చింది, చెయ్యి వచ్చింది, పెన్ను వచ్చింది. జుట్టు, చెవులు, మెడ వచ్చాయి. ముఖం మాత్రం అద్దం మీదే ఉండిపోయింది, చీలికలు పేలికలుగా. కాగితం మీద ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మిగిలింది.

అప్పుడే ఓబులమ్మకు కబురు చేయాల్సింది. తిట్టేది, ఏడ్చేది. ఆ రెండూ భరించదగినవే. కానీ కెమిస్ట్రీ చదివినవాడికి జెలటిన్ సంగతి తెలియలేదా అని బజారులో అనుకుంటారేమోనని నాకు తోచింది. ఒక మనిషి ముఖం నా చేతిలో పోయింది, నేను ఆలోచించింది నా మార్కుల గురించి.

నా సొరుగులో ఒక పాస్‌పోర్టు ఫోటోల కవరు ఉంది. గిద్దలూరు నుంచి రైల్లో వచ్చిన ఒకాయన ఫోటో దిగి, మళ్ళీ వస్తానని వెళ్ళి, రాలేదు. ఎనిమిది కాపీలు. గుండ్రటి ముఖం, చక్కటి ముక్కు. వెలుతురు కూడా ఒకే వైపునుంచి పడింది. దాన్ని స్కాన్ చేశాను. నలుపు తెలుపు చేశాను. జుట్టు, చెవులు, మెడ ఓబులమ్మ భర్తవి. మధ్యలో అద్దెకు దిగింది గిద్దలూరాయన. అతుకు ఎక్కడా తెలియదు. అంత శ్రద్ధగా నేను అంతకుముందు ఏ పనీ చేయలేదు. దొంగతనానికి పట్టిన ఓపికలో పదోవంతు నీళ్ళ ట్రే దగ్గర పట్టి ఉంటే, దొంగతనమే అవసరమయ్యేది కాదు.

రెండు రోజుల తర్వాత తల్లీకూతుళ్ళు వచ్చారు. పాతది చెమ్మకు పూర్తిగా పోయిందని, ఇక దాచినా నిలవదని ముందే చెప్పేశాను. రామలక్ష్మి అప్పుడు ఇంటర్. తండ్రి ముఖం ఆ పిల్లకు ఫోటోలో తప్ప తెలియదు. అది కూడా వానకు తడిసి, మసకబారి, గోడ మీద పైన ఎక్కడో ఉండే ఫోటో. కొత్తది చూసి, “మా నాయన ఇంత అందగాడా” అంది.

ఓబులమ్మ ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని చూసింది. కొంగుతో అద్దం తుడిచి మళ్ళీ చూసింది.

“ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండాల గదా నాయనా. చిన్నప్పుడే గనిలో పెచ్చు ఎగిరి తగిలినాది.”

“అది ఫోటో మీద పడిన గీత పెద్దమ్మా. క్లీన్ చేసినాను.”

“గీతనా?”

“పాత ఫోటోలకు అట్ల పడతాయి.”

ఆమె వేలు ఫ్రేము అద్దం మీద, ఆ కనుబొమ్మ దగ్గర ఆగింది. “నేను చేత్తో తడిమినట్టు గుర్తుండాదే.”

ఇదిగో, ఇక్కడ. ఇక్కడ కూడా నాకు ఒక దారి ఉంది. ఆ వేలు కదలకుండా ఉన్నంతసేపూ ఉంది. నేను ఏమన్నానో తెలుసా?

“చాన్నాళ్ళాయె గదా పెద్దమ్మా. మనిషి మరుస్తాడు. ఫోటో మరవదు.”

రామలక్ష్మి అందుకుంది. “చెప్పులు యాడ ఇడిసినావో నీకు గుర్తుండదు గానీ, ఎప్పటిదో గాటు గుర్తుంటాదామ్మా?”

ఓబులమ్మ సిగ్గుపడ్డట్టు నవ్వింది. “అవునులే. మొగుని మొగమే మరిచినా. నేనేం మనిషినో.” ఫ్రేమును కొంగులో చుట్టుకుంది. “సల్లగుండు నాయనా” అని వెళ్ళిపోయింది.

ఫోటో చిరగడం పొరపాటు. అలాంటివి ఎవరికైనా జరుగుతాయి. ముఖం అతికించడం మోసమే, కానీ దానికీ ఏదో ఒక సాకు వెతుక్కోవచ్చు. పండగ దగ్గరపడింది, ఖాళీ గోడ కంటే ఏదో ఒక ముఖం నయం అనుకోవచ్చు. ఇన్నేళ్ళూ నన్ను నిద్రలేపింది ఆ రెండూ కాదు. ఆ చివరి మాట. నాది తప్పని తేలకుండా ఉండటానికి, ఆమె చెయ్యి తడిమిన గాటునే తప్పు చేశాను. మాట బాగా కుదిరింది కూడా. అది అన్న క్షణంలో, ఎంత బాగా అన్నానో అని లోపల ఎక్కడో కాస్త మురిసినట్టు కూడా గుర్తు. దీన్ని సిగ్గు అనాలా? ఇంకా తక్కువ రకం పదం ఏదైనా ఉందా?

ఆ తర్వాత నేను బతికిన తీరు మామూలే. ఏటా పెద్దల అమావాస్యకు మార్కాపురంలో ఒక ఇంట్లో గిద్దలూరాయనకు దండ పడుతోంది. ఆయన బతికే ఉండవచ్చు. తనకు తద్దినం పెడుతున్నారని తెలియకుండా ఏ ప్లాట్‌ఫారం మీదో టీ తాగుతూ ఉండవచ్చు. ఈ మాట తలచుకుని ఒకటి రెండుసార్లు నవ్వుకున్నాను. ఆ నవ్వు సంగతి కూడా ఒప్పుకోవాలి గనక చెబుతున్నాను.

నాలుగు రోజుల కిందట రామలక్ష్మి వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఎనిమిది నెలల కొడుకు. ఈ మధ్య అందరూ చేయించుకుంటున్న పనే అడిగింది. పోయిన పెద్దవాళ్ళ ఒళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు ఒకే ఫోటోగా కలిపి ఇవ్వడం. నేనే ఆదివారం క్లాసులో దాన్ని నేర్పుతాను, వెలుతురు దిక్కు కలవాలి, నీడ కలవాలి అని. గోడమీది ఫ్రేమును ఫోన్లో తీసుకొచ్చింది. పిల్లాడి ముక్కు పట్టుకుని, “చూడన్నా, అచ్చం మా నాయన ముక్కే వచ్చినాది వీనికి” అంది.

అవునమ్మా అన్నాను.

పిల్లాడు నా టేబుల్ మీది లెన్సు మూత నోట్లో పెట్టుకున్నాడు. ఆమె అది లాగేస్తూ, మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పింది. తండ్రి గురించి మాట్లాడటం వాళ్ళమ్మ ఎప్పుడో మానేసిందట. “ముందు బాగా చెప్పేది అన్నా. పెన్ను సంగతి, తిరునాళ్ళ సంగతి. ఇప్పుడేమడిగినా, నన్నడగబాకు, మొగుని మొగమే మరిచినదాన్ని, నాకేం తెలుస్తాది, ఆ ఫోటో చూసుకోపో అంటాది.”

అంటే, నేను తీసింది ఒక్క ముఖాన్ని కాదు. రామలక్ష్మికి తండ్రి అంటే ఒక ఫోటో, ఒక తల్లి నోరు. ఫోటోను నేను మార్చాను. ఆ నోటిని నేనే మూయించాను. ఒక్క వాక్యంతో. ఇక పద్నాలుగేళ్ళపాటు ఆ ఇంట్లో ఆయన గురించి చెప్పడానికి మిగిలింది గిద్దలూరాయన ఒక్కడే. ఆయనకేం తెలుసు పాపం?

రామలక్ష్మికి ప్రింటర్ పాడైందని, ఆదివారం రమ్మని చెప్పాను. ప్రింటర్ బాగానే ఉంది.

ఆమె వెళ్ళాక బీరువా తెరిచాను. గాజు ముక్కను కాగితంలోంచి తీశాను. దాని వెనక తెల్లకాగితం పెట్టాను. కిటికీ పక్కన పెట్టి, నల్లగుడ్డ చిల్లులోంచి, నా క్లాసులో చెప్పినట్టే తీశాను. అప్పుడు మిగిల్చుకున్న పది నిమిషాలే పట్టింది. కంప్యూటర్లో పెద్దది చేశాను. చీలికలను ఒక్కొక్కటిగా దగ్గరికి జరిపాను. ఈసారి ఎక్కడినుంచీ ఏమీ తేలేదు. లేనిచోట లేనట్టే వదిలేశాను. ఒక చెంప రాలేదు. పెదవి సగమే వచ్చింది. కోల ముఖం, చప్పిడి ముక్కు, కెమెరాను నమ్మని చూపు.

ఎడమ కనుబొమ్మ మాత్రం పూర్తిగా వచ్చింది. మధ్యలో వెంట్రుక మొలవని సన్నటి చార, కోసినట్టు. దాన్ని ఎంత పెద్దది చేసినా గీత కాదు. గీతకు అంచులు వేరుగా ఉంటాయి. ఆ తేడా కూడా నేను క్లాసులో చెబుతాను.

ఆ ముఖాన్ని ప్రింటు తీశాను. టేబుల్ మీద ఉంది. ఇవ్వాలా? ఇస్తే, ఇన్నేళ్ళూ ఎవరికో దీపం పెట్టానని ఓబులమ్మకు తెలుస్తుంది. రామలక్ష్మికి పిల్లాడి ముక్కు పోతుంది. ఎవరికి మేలు అని అడుగుతున్నాను. కానీ ఈ ప్రశ్న ఎంత సౌకర్యంగా ఉందో చూడండి. ఇవ్వకపోతే వాళ్ళ సుఖం నేను కాపాడినట్టు అవుతుంది, నా పరువూ దాని పక్కనే క్షేమంగా కూర్చుంటుంది. పద్నాలుగేళ్ళ కిందట పండగ దగ్గరపడిందని చెప్పుకున్నవాణ్ణే నేను. ఈ గొంతు నేను గుర్తుపడతాను.

రేపు ఆదివారం. ఆమె వస్తుంది. నా నోట ఏం వస్తుందో మీకు మాట ఇవ్వలేను. ఈ విషయంలో నా మాటకు విలువ ఎంతో ఇంతవరకూ చదివాక మీకే తెలుసు. కానీ ఈసారి గాజు ముక్కను మళ్ళీ కాగితంలో చుట్టలేదు. ప్రింటు పక్కనే, గదిలోకి వచ్చిన ఎవరికైనా కనిపించేలా పెట్టాను. ఎవరైనా ఇదేంటని అడిగితే జోకు వేయకుండా ఉండటం సాధన చేస్తున్నాను. కష్టంగానే ఉంది.

మీరు క్షమించాలని రాయలేదు. అది మీ దగ్గర లేదు, ఉన్నచోటికి నేనింకా వెళ్ళలేదు. ఒక్క మాట నా చేత్తో, ఎక్కడో ఒకచోట, నవ్వు కలపకుండా రాయాలనిపించింది. రాస్తే గుండె మీద గాజుపలక కాస్త పక్కకు జరిగినట్టుంది, అంతే.

ఆయన ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండేది. ఓబులమ్మ మరిచిపోలేదు.