ముందు చచ్చినవాళ్ళే ముందు బతకాలి

మా చిన్నప్పుడు నేను రోజూ సాయంత్రం నాలుగైదుసార్లు చచ్చి, ఓ మూడుసార్లు బతికేదాన్ని... కబడ్డీలో. ఔట్ అనే మాట తెలియక కాదు, మా ఊళ్లో ఎవరూ అలా అనేవాళ్ళు కాదు. పట్టుబడితే చచ్చినట్టే. వెళ్ళి గీత బయట వరసలో కూర్చోవాలి. మనవాళ్ళు ఎవరైనా కూతకి వెళ్ళి అవతలివాళ్ళలో ఒకరిని ముట్టుకుని వస్తే, వరసలో ఒకరు బతుకుతారు. ముందు చచ్చినవాళ్ళే ముందు బతకాలి. అది రూలు.

తిరువూరు పక్కన చిన్న ఊరు మాది. అక్కడ ఆడపిల్లల జట్టు ఉండేదంటే ఇప్పుడు నాతో పనిచేసే పిల్లలు నమ్మరు. నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికే ఆ జట్టు దాదాపు అయిపోయింది. పెద్దక్కలు పది పాసయి కొందరు, ఫెయిలయి కొందరు వెళ్ళిపోయారు. మిగిలింది నేనూ, సువార్తక్కా.

సువార్తక్క బడి పిల్ల కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. పగలంతా మిరపకాయ కోతకో, పత్తి తీతకో వెళ్ళేది. మా కోచ్ ఆమే, కెప్టెన్ ఆమే, బరి ఊడ్చి సున్నంతో గీతలు వేసేదీ ఆమే. ఆ ఏడాది ఇల్లిల్లూ తిరిగి, తల్లుల్ని బతిమాలి, ఐదుగురిని పోగేసింది. అందులో రూతు అనే పిల్ల ఒకతి... కబడ్డీ కబడ్డీ అని రెండుసార్లు అనగానే దానికి నవ్వొచ్చేసేది. దాన్ని అవతలివాళ్ళు పట్టుకోనక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు.

ఇక ఏం గెలుస్తాం... వెళ్ళిన ప్రతి ఊళ్లోనూ ఓడిపోయాం.

అప్పుడే ఊరి పెద్ద ఒకాయన బరి దగ్గరకొచ్చాడు. "చూడమ్మా సువార్తా, వాలీబాల్ కుర్రాళ్ళు ఈ జాగా అడుగుతున్నారు. ఈ సీజన్లో ఒక్క ఆటన్నా గెలవండి, జాగా మీదే. లేకపోతే వాళ్ళకిచ్చేత్తాం."

"సరేనండి," అంది అక్క. అప్పటికి మిగిలింది ఒకే ఒక్క ఆట. గంపలగూడెంలో.

ఆ రోజు కూడా అక్క మిరప కోతకి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా కోసి, అటునుంచి అటే ఆటో ఎక్కింది. ఎంత కడుక్కున్నా ఆ చేతుల ఘాటు పోలేదు. పక్కన కూర్చున్న రూతు దారంతా తుమ్ముతూనే ఉంది. అక్క మాత్రం తల కమ్మీకి ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆట చివరికొచ్చేసరికి మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మావాళ్ళు ముగ్గురు చచ్చి కూర్చున్నారు, వరసలో మొదట అక్కే. మాకొక కూత, వాళ్ళకొక కూత మిగిలాయి. నేను వెళ్ళాను. మూలనున్న పిల్ల భుజానికి నా వేళ్ళు తగిలాయి. వచ్చి మా గీత ఇవతల పడ్డాను. పాయింట్లు సమానం. వాళ్ళ ఆఖరి కూతని పట్టేస్తే ఆట మాదే, బరీ మాదే.

అక్క లేవలేదు.

"అక్కా, బతికావు. లే," అన్నాను. నా వంక చూసి, పక్కనున్న రూతుని తట్టి, "నువ్వెళ్ళవే," అంది. రిఫరీ ఒప్పుకోలేదు. "ముందు చచ్చినామే రావాలమ్మా," అన్నాడు.

అక్క రెండు అరచేతులూ నేలకి ఆనించింది. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది... లేచి వచ్చింది.

వాళ్ళ పిల్ల కూత పెడుతూ వచ్చింది. అక్క దాని కాలు దొరకబుచ్చుకుంది. గట్టిగానే పట్టుకుంది. కానీ ఆ పిల్ల ముందుకి దూకేసరికి అక్క మోకాళ్ళు నిలవలేదు. ఇద్దరూ కలిసి జారారు. ఆ పిల్ల చెయ్యి గీత దాటింది. ఒక్క పాయింటుతో ఆట పోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనే నోరు తెరిచాను. "నిన్ను బతికించకుండా ఉంటే గెలిచేవాళ్ళం."

అక్క కోప్పడలేదు. "నిజమేనే," అంది. "నాకే లేవబుద్ధి కాలేదే. ఇంకాసేపు అక్కడే కూర్చోనిస్తే బాగుండనిపించింది," అంది. నేను మొహం అటు తిప్పుకున్నాను.

వారం తిరక్కుండా బరిలో వాలీబాల్ నెట్టు కట్టారు. అక్క రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో పనికి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు నేను ఏనాడూ ఆమెని క్షమించమని అడగలేదు. ఇప్పుడా నెట్టూ లేదు, ఆ జాగాలో మొక్కజొన్న బస్తాల గోడౌను ఉంది. ఊళ్లో ఆడపిల్లలు బడి నుంచి వచ్చి తలుపేసుకుని ఫోన్లు చూసుకుంటున్నారు.

నాకిప్పుడు ఆనాటి అక్క వయసు దాటి ఏడేళ్ళయింది. తిరువూరులో బట్టల షాపులో పొద్దున్నుంచి నిలబడి చీరలు విప్పుతాను, మళ్ళీ మడతపెడతాను. ఇంటికొచ్చి గచ్చు మీద అలాగే వాలిపోతాను. మా పాపకి చచ్చి బతికే ఆ రూలు నేనే నేర్పాను. మొన్న వచ్చి నా పాదం ముట్టుకుంది.

"అమ్మా, బతికావు. లే."

ఒళ్ళు లేవనంది. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది... అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అక్క లేచింది కదా. ఇన్నేళ్ళూ ఆమె లేవకపోవడమే తలుచుకున్నాను, లేవడం తలుచుకోలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మీ ఊళ్లో కూడా ఓడిపోయే జట్టుని మోసిన మనిషి ఒకరు ఉండే ఉంటారు... ఆ పేరు కింద రాయండి. వరసలో కూర్చున్నవాళ్ళలో ఇంకొకరు బతుకుతారు.