పెరుగన్నం కుక్క

నేను పుట్టిన ఉదయగిరిలో కుక్కను ఎవరూ తిప్పేవారు కాదు. మందతో పాటు పొద్దున కొండెక్కేది, సాయంత్రం దిగేది. మధ్యలో ఎంత నడిచిందని దాన్ని అడిగినవాళ్లు లేరు. కుక్కకు నడక కావాలని, ఆ నడకకు తోడుగా ఒక మనిషి కావాలని, ఆ మనిషికి కూలి కూడా ఇస్తారని నాకు తెలిసింది ఆత్మకూరు వచ్చాకే. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు తెలియనివి చాలా ఉంటాయి. అయితే ఈ సంగతి పై తరగతుల్లో కూడా చెప్పి ఉండరు.

తొంభైల నడుమ ఒక ఎండాకాలం. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు పోతే ఇల్లూ మనవరాలూ నా చేతికింద ఉండేవి. ఆ పిల్ల ఐదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల మొదటి రోజునే బస్టాండు దగ్గర దొరికిన కుక్కపిల్లను పావడాలో చుట్టుకుని తెచ్చింది.

"అవ్వా, దీనికి తల్లి లేదు."

"అయితే నన్ను తల్లిని జేస్తావా? యాడ దొరికినాదో ఆడ పెట్టిరాపో."

అది పెట్టిరాలేదు. వీధి చివర దర్జీ అంగడిలో, మిషను బల్ల కింద దాచింది. దర్జీ మెత్తని మనిషి, సరేనన్నాడు. కానీ బడులు తెరిచే ముందు యూనిఫారాల గిరాకీ వస్తే అంగడినిండా గుడ్డే ఉంటుంది, అప్పటిదాకానే ఉంచుతానన్నాడు. ఆ తర్వాత సీతారామపురంలో గొర్రెలు కాసే బామ్మర్ది దగ్గరికి బస్సెక్కించేస్తాడట. మనవరాలు రెండు రోజులు అన్నం మానేసింది. దాని ఏడుపుకు నేను కరగలేదు. రెండు రోజుల అన్నం మిగిలిపోయిందే, దానికి కరిగాను.

"జీవాన్ని సాకేదంటే బొమ్మతో ఆడుకునేది కాదు," అన్నాను. "మన వీధిలో సెలవులకు ఊళ్లకు పోయేవాళ్లు శానామంది ఉండారు. వాళ్ల కుక్కల్నీ కోళ్లనీ నువ్వు జూడు. బడి తెరిచేదాకా ఒక్క ఇంటి నించి కూడా నీ మీద మాట రాకూడదు. రాకపోతే నీ కుక్కను తెచ్చుకో. వస్తే మాత్రం ఇంక దాని ఊసెత్తబాకు."

"నిజంగానా అవ్వా?"

"నేనెప్పుడన్నా అబద్ధం జెప్పినానా?"

పాత క్యాలెండరు అట్ట వెనక మనవరాలు పెద్ద అక్షరాలతో రాసింది: 'ఇచ్చట కుక్కలు, కోళ్లు, చిలకలు జాగ్రత్తగా చూడబడును. కుక్కలకు నడక కూడా ఉన్నది.' నేను చదివించుకుని, కింద ఇంకో ముక్క రాయించాను: 'బర్రెలు చూడబడవు.'

"బర్రెను ఎవురొదిలిపెట్టి పోతారవ్వా?"

"మన వీధి సంగతి నీకు తెలీదు. రాయి."

మొదటి గిరాకీ ఒక టీచరమ్మ. పదో తరగతి పేపర్లు దిద్దడానికి నెల్లూరు పోతూ రెండు పెట్టల్ని గంపతో సహా అప్పగించింది. పెట్టలు గుడ్లు పెడితే అవి సాకినవాళ్లవేనని నా లెక్క. మనవరాలు ఒప్పుకోలేదు. ఒక్కో గుడ్డు మీద పెన్సిలుతో తారీఖు వేసి బియ్యం డబ్బాలో దాచింది. టీచరమ్మ తిరిగొచ్చి ఆ గుడ్లన్నీ పట్టుకుపోయింది. ఒక్కటైనా 'ఉంచుకో పాపా' అనలేదు. పిల్లలకు దానగుణం గురించి పాఠం చెప్పేది ఆవిడే.

టీచరమ్మ కోళ్లు ఇంకా మా దగ్గర ఉండగానే ఆఫీసరు గారి భార్య వచ్చింది. చేతిలో తెల్లటి బొచ్చుకుక్క. మద్రాసు నుంచి తెచ్చుకున్నారట. తిరుపతికీ, అక్కడి నుంచి చుట్టాల ఇళ్లకూ పోయి పన్నెండు రోజుల్లో వస్తామంది.

"మావాడు పెరుగన్నం తప్ప తినడు," అంది. "నీసు వాసనే పడదు వాడికి. కోడిగుడ్డు కనిపిస్తే మొహం తిప్పేసుకుంటాడు."

ఆ మాట అంటున్నంతసేపూ కుక్క మా పెరట్లోని కోళ్ల గంపవైపే చూస్తోంది. మొహం ఎక్కడా తిప్పలేదు.

పొద్దునా సాయంత్రం నడక, రెండు పూటలా స్టీలు పళ్లెంలో పెరుగన్నం. ఆఫీసరు గారు ఆఫీసుకు జీపులో పోతారు, ఆవిడ గుడికి రిక్షాలో పోతుంది. ఆ ఇంట్లో నడక అవసరమని తేలింది ఒక్క కుక్కకే.

మొదటి రోజు నేనూ వెంట పోయాను. మనవరాలు దాన్ని బజార్లో నడిపిస్తుంటే టీ అంగడాయన కేకేశాడు.

"ఏంది పాపా, గొర్రిపిల్లను సంతకు తోలకపోతా ఉండావా?"

"కుక్క అన్నా. వాకింగు."

"నువ్వు నడిపించేదేంది, దానికి కాళ్లు లేవా?"

"నీకూ ఉండాయి గదా, పొద్దుట్నించి యాడికన్నా పోయినావా?"

నవ్వొచ్చినా నేను నవ్వలేదు. పిల్లల నోటిదురుసుకు నవ్వితే ఇంకా పెరుగుతుంది.

ఊరికే తిరిగి రావడం నాకు నచ్చలేదు. నడక ఎలాగూ నడుస్తున్నారు, కిరసనాయిలు డబ్బా పట్టుకుపొమ్మన్నాను. రేషను అంగడి ముందు మనుషులు నిలబడరు, వాళ్ల డబ్బాలు నిలబడతాయి. ఎవరూ చూడకపోతే మన డబ్బా నాలుగు డబ్బాల వెనక్కి పోతుంది. అందుకని కుక్క తాడును మా డబ్బాకు కట్టించాను. ఎవరూ ముట్టుకోలేదు. డీలరు తల బయటపెట్టి చూసి, "ఆఫీసరు గారి కుక్క వచ్చి నిలబడుకోనుండాది, ముందు దానికి పొయ్యండ్రా," అన్నాడు. నలభై ఏళ్లుగా ఈ దేశంలో లైన్లలో నిలబడుతున్నాను, నాకు ఎన్నడూ దక్కని మర్యాద అది.

మూడో రోజు కుక్క పెరుగన్నం ముట్టలేదు. నాలుగో రోజూ అంతే. తలుపు మూల తల పెట్టి పడుకుంది. మనవరాలు దాని పక్కనే కూర్చుని ఏడుపు.

"ఇది చచ్చిపోతే నా మీద మాట వస్తాది గదవ్వా. నా కుక్కను పంపించేస్తారు."

"రెండు రోజులు తినకపోతే ఎవురూ చావరు. నువ్వు చచ్చినావా?" అన్నాను. పైకి అన్నానే గానీ, పారబోసిన పెరుగు చూస్తే నాకు ప్రాణం ఒప్పలేదు.

సెలవుల్లో చర్చిలో పిల్లలకు పొద్దున పూట బైబిలు పాఠాలు చెబుతారు. మరునాడు మనవరాలు అక్కడికి పోయింది. నేను ఎండు నెత్తళ్ల చేపలకు తలలు గిల్లుతూ కూర్చున్నాను. అంతదాకా చావుబతుకుల్లో ఉన్న కుక్క లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఎలాగూ పారేసే తలలే కదా అని పిడికెడు విసిరాను. అవి నేలను తాకలేదు.

ఆ రోజు నుంచి మనవరాలు చర్చికి పోగానే కుక్కకు నెత్తళ్ల తలలు పెట్టేదాన్ని. పెరుగన్నం నేను తినేదాన్ని. దేనికీ నష్టం లేదు. కుక్క బొచ్చు నిగనిగలాడింది. మనవరాలు మధ్యాహ్నం వచ్చి ఖాళీ పళ్లెం చూసుకుని మురిసిపోయేది.

"ప్రార్థన జేసినానవ్వా, అందుకే తింటా ఉండాది."

"అవును మరి," అన్నాను. అబద్ధం చెప్పనని గొప్పలు పోయినదాన్ని నేనే.

పన్నెండో రోజు ఆఫీసరు వాళ్లు వచ్చి కుక్కను చూసి, ఎంత బాగా చూశావే అని మనవరాలి బుగ్గ పుణికారు. నాలుగు రోజులు ఏ గొడవా లేదు. ఇంకో వారం గడిస్తే బడి తెరుస్తారు. ఐదో రోజు ఆవిడ గుండు మీద చెంగు కప్పుకుని, కుక్కను చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. వాళ్లింట్లో తిరుపతి ప్రసాదం పంచే వేళ, పది మంది పెద్దవాళ్లు కూర్చున్న వరండాలోకి ఆ కుక్క మా చెత్తకుప్ప నుంచి నెత్తళ్ల తలను నోట కరుచుకుని వచ్చిందట. తెచ్చి ఆ ప్రసాదం పళ్లెం పక్కనే పెట్టిందట.

"ఏం పెట్టావే మావాడికి? ఇంటికొచ్చిన కాణ్నుంచి పెరుగన్నం వంక చూడటం లేదు!"

"పెరుగన్నమే ఆంటీ. నేను ఒట్టేసి చెప్తా. రోజూ పళ్లెం కడిగి పెట్టినాను."

"అబద్ధాలు నేర్పించారా నీకు?"

మనవరాలు నావైపు చూసింది. అనుమానంతో కాదు, అవ్వ ఉంది, చెబుతుంది అన్నట్టు చూసింది. అది నాకు గుచ్చుకుంది. నేను నోరు మూసుకుంటే మాట పిల్ల మీద పడుతుంది, కుక్కపిల్ల సీతారామపురం పోతుంది, నా ఇంట్లో ఒక తిండి మిగులుతుంది. నా పెద్దరికమూ మిగులుతుంది. ఇన్ని మిగులుతాయని తెలిసీ మాట్లాడటం నాకు అలవాటు లేని పని.

"పిల్లనేం అనబాకమ్మా," అన్నాను. "నేనే పెట్టినాను. ఎండు నెత్తళ్ల తలలు. దినామూ."

ఆవిడ కంటే ముందు మనవరాలే అందుకుంది.

"దినామూనా? అయితే నా ప్రార్థన?"

ఆవిడ చంకలోని కుక్క నా చేతుల్ని వాసన చూడటానికి మెడ సాచింది. రాను రాను ఆవిడ గొంతు తగ్గింది. ఐదు రోజులుగా అది ఏమీ తినలేదని, ఒళ్లంతా వడిలిపోయిందని, బ్రెడ్డు కూడా వద్దంటోందని చెప్పింది. వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుని, కుక్కను నేలకు దించింది.

"సాయంత్రం పూట నడకకు మీ పాపనే పంపించండి," అంది. "ఎక్కడికి పోతారో, ఏ ఇంట్లో ఆగుతారో నేను అడగను. మూతి కడిగి పంపిస్తే చాలు."

ఆవిడ పోయాక మనవరాలు నా ముందు నిలబడింది. ప్రార్థన సంగతి ఇంకా మింగుడు పడలేదు, కళ్లల్లో నీళ్లున్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మాట వచ్చినాది నీ మీద. నా మీద కాదు."

"ఎవురి మీదైతే ఏంది, మాట వచ్చినాది గదా."

"నా మీద రాకూడదన్నావు. ఇంటి మీద రాకూడదనలా."

నేను పెట్టిన నిబంధనే, నా నోటి మాటే. చెప్పులు తొడుక్కుని దర్జీ అంగడికి నేనే పోయాను. ఆయన బల్ల కింద నుంచి కుక్కపిల్లను తీసి, "అవ్వా, చొక్కాలకు కోసిన జేబుగుడ్డలు రెండు కొరికేసినాది, ఎట్లా మరి?" అన్నాడు.

"కొరకతా ఉంటే చూస్తా కూర్చున్నావా? అది నీ పొరపాటు," అని కుక్కపిల్లను చంకన పెట్టుకున్నాను. టీ అంగడాయన చూస్తాడని వెనక సందులోంచి నడిచాను. చూడనే చూశాడు.

"ఏందవ్వా, నువ్వూ వాకింగేనా?"