గరిటె పట్టిన ఇంజనీరు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషి దేనికి భయపడతాడో, అదే అతని చేత తప్పులు చేయిస్తుందని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చెప్పగలను. ఆ రోజుల్లో నాకీ సంగతి తెలియదు. తెలిసినా భయపడడం మానేవాణ్ణి కాదు. ముందే ఒప్పుకుంటాను. ఆ రోజు నేను కాంక్రీటు లారీలో నీళ్ళు పోయించాను. అది చిన్న తప్పు. తరువాత ఒక పెద్దమనిషి నలుగురి ముందూ నా వైపు తిరిగి సాక్ష్యం అడిగితే, "నేను చూడలేదు బాబాయి" అన్నాను. అది పెద్ద తప్పు. మొదటిది గోడకు తగిలింది, రెండోది మనిషికి.

మాది బిలాస్‌పూర్‌లో పాత రైల్వే కుటుంబం. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైలింజన్ల షెడ్డులో చేరాడట. నాన్న గార్డుగా చేసి రిటైరయ్యారు. (రిటైరయినా ఆయన డ్యూటీ దిగలేదు, ఆ సంగతి తరువాత.) నేను ఇంజనీరింగు చదివి ఒక కన్సల్టెంటు దగ్గర కుదిరాను. ఊరి శివారున కోని అనే పేట వైపు ఒక ప్రైవేటు హాస్టలుకు నేల మీద పెద్ద నీళ్ళ ట్యాంకు కడుతున్నారు. అక్కడ పని చూసుకోవడం నా మొదటి బాధ్యత.

మా పెద్దసారు తెలంగాణ మనిషి. గొంతు పెంచడం ఆయనకు తెలియదు. ఏం చెప్పినా "అచ్ఛా" అనేవారు. ఆ అచ్ఛా తరువాత ఏం వస్తుందో తెలియక నేను తలుపు వైపు చూసేవాణ్ణి. ట్యాంకు కోసం ఆయన రాయించిన ఒప్పందంలో సిమెంటు ఎంత, ఇసుక ఎంత అన్న మాటే లేదు. గోడకు ఇంత బలం రావాలి, చుక్క నీరు కారకూడదు, అంతే. అది ఎలా సాధిస్తారో కాంక్రీటు తయారుచేసే ప్లాంటు వాళ్ళ ఇష్టం. పూచీ కూడా వాళ్ళదే. నాకేమో కాలేజీలో కాంక్రీటు అంటే వంటల పుస్తకం. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర. దీన్ని నేను పిల్లలు ఎక్కం చదివినట్టు చదువుకున్నాను. పాళ్ళు చెప్పకుండా ఫలితం మాత్రమే అడగడమంటే, గుడ్డలు కొలతల్లేకుండా కుట్టించుకున్నట్టు అనిపించేది.

ఆ ప్లాంటులో నాణ్యత చూసే మనిషే మా వీధి స్లంప్ బాబాయి. నాన్నకు తమ్ముడి వరస. తడి కాంక్రీటును ఒక ఇనప గరాటులో నింపి, గరాటు పైకి లాగి, ముద్ద ఎంత కుంగిందో కొలిచే పరీక్షను స్లంప్ అంటారు. ఆ గరాటును ఆయన ఎప్పుడూ స్కూటరు ముందు పెట్టుకుని తిరిగేవాడు కనక ఆ పేరు. (కాలనీ పిల్లలు ఆయన కుల్ఫీలు అమ్ముతాడనుకునేవారు.) బక్కగా, ఎప్పుడూ కంగారుగా ఉండేవాడు. నాకంటే పిరికివాడు ఈ ఊళ్ళో ఉన్నాడంటే అది ఆయనే అని నాకు లోలోపల ధైర్యంగా ఉండేది.

మే నెల. ట్యాంకు గోడకు కాంక్రీటు పోస్తున్నాం. చివరి లారీ రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయట. లారీ సైటుకు వచ్చేసరికి సరుకు బిగుసుకుపోయి, పంపు ఎక్కనని మొరాయించింది. అలాంటప్పుడు బాబాయికి ఫోను చేయాలి. ఆయన వచ్చి ఏదో మందు కలిపి జారుగా చేస్తాడు, కాదంటే లారీ వెనక్కి పంపేస్తాడు. వెనక్కి పంపితే గోడ సగంలో ఆగుతుంది. ఆగితే పెద్దసారు అచ్ఛా అంటారు. ఇది ఇలా ఉండగా డ్రైవరు చేతిలోని చీటీలో ఏమేం కలిపారో నా కంట పడింది. సిమెంటు నా ఎక్కం చెప్పినదానికంటే తక్కువ. మిగతాది కరెంటు ఫ్యాక్టరీల బూడిద. నీళ్ళు నిలవాల్సిన గోడలో బూడిదేమిటని భయం వేసి చీటీ మళ్ళీ చదివాను. (బూడిద సరిగ్గా కలిస్తే గోడ నీళ్ళకు మరింత గట్టిగా నిలుస్తుందని బాబాయి నాకు అంతకు ముందే చెప్పాడు. భయం వేసినప్పుడు విన్నవి గుర్తుండవు.)

"పైపు తెప్పించు, నీళ్ళు పట్టు. నాలుగు బస్తాల సిమెంటు కూడా వెయ్యి," అన్నాను డ్రైవరుతో.

అతను నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఆప్‌ కీ మర్జీ, సాబ్‌," అని నా ఇష్టానికి వదిలేసి, లారీ మీది డ్రమ్ము తిప్పాడు. సరుకు పాయసంలా జారింది. గోడ నిండింది. ఆ సాయంత్రం నా అంతటి ఇంజనీరు ఛత్తీస్‌గఢ్‌లో లేడనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ప్రతి లారీ సరుకూ గోడలో పోసేటప్పుడే కొంచెం తీసి క్యూబులుగా పోసి, నీళ్ళలో నానబెట్టి, వారం తరువాత యంత్రంలో పెట్టి నలిపి చూస్తారు. అన్ని లారీల క్యూబులూ నిలబడ్డాయి. చివరి లారీవి నీళ్ళెక్కువై బిస్కెట్లలా విరిగాయి. పెద్దసారు ప్లాంటు వాళ్ళను పిలిపించారు. బాబాయి గరాటు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అచ్ఛా. బలం మీ పూచీ అన్నరు," అన్నారు పెద్దసారు. "గిట్లయితే ఇంకో ప్లాంటును చూసుకోవాలె."

వెంట వచ్చిన ప్లాంటు మేనేజరు బాబాయి వైపు చూశాడు. ఆ చూపులోనే బాబాయి ఉద్యోగం ఉంది. బాబాయి గరాటు టేబులు మీద పెట్టి, మళ్ళీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అన్ని బళ్ళకీ ఒకటే సరుకండీ. నా చేత్తో చూసి పంపించేను. ఏటయిందో తెలీటం నేదు," అని నా వైపు తిరిగాడు. "ఒరే నాన్నా, నువ్వక్కడే ఉన్నావు కదా. బండి వచ్చినప్పుడు సరుకెలాగున్నాదో చూసేవు కదా."

చూడలేదన్న ఆ మాట నేను అన్నది అప్పుడే. ఆయన తల ఊపాడు. నన్ను అనుమానించను కూడా లేదు. అనుమానించి ఉంటే కొంచెం సుఖంగా ఉండేది. నెల రోజులు నానిన క్యూబుల ఫలితం కూడా చూసి నిర్ణయిద్దామన్నారు పెద్దసారు.

ఆ తరువాతి రోజులు నేను నడిచే క్యూబులా ఉన్నాను, పైకి గట్టిగా, లోపల బూడిదగా. డ్రైవరు ఎదురైతే పక్క సందులోకి దూరేవాణ్ణి. వీధిలో స్కూటరు చప్పుడు వినపడితే పెరట్లోకి పోయేవాణ్ణి. ఫోను మోగితే అది పెద్దసారే, ఆయన అచ్ఛాయే అనిపించేది. "మీ బాబాయి అన్నం ముట్టడం నేదట్రా, ఏటయిందేటి?" అని అమ్మ అడిగితే, ఎండలు కదా అన్నాను.

ఒక ఆదివారం బిల్హా నుంచి మేనత్త వాళ్ళు భోజనానికి వచ్చారు. అమ్మ బెండకాయ పులుసు పెట్టింది. మా నాన్నకు ఒక అలవాటుంది. గార్డుగా బండి తనిఖీ చేసినట్టు, అమ్మ అటు తిరగ్గానే గిన్నె మూత తీసి చూసి, తన లెక్క ప్రకారం ఇంత ఉప్పు పడేస్తారు. ఆ రోజూ పడేశారు. మేనత్త ఒక ముద్ద తిని నీళ్ళ గ్లాసు అందుకుంది. "వదినా, చెయ్యి బరువెక్కిందే," అంది.

అమ్మ గరిటె కింద పెట్టి నాన్న వైపు తిరిగింది. "అచ్ఛా, మళ్ళీ మీరే కదా. పులుసు బాగుండాలంటే నాకొదిలీండి, మాట నాను పడతాను. నేదంటే మీరే వండండి, మీరే పడండి. మీరు ఉప్పేసి మాట నన్ను పడమంటే అదేటి న్యాయం?"

"చప్పగా ఉంటాదేమో అని భయమేసిందే," అన్నారు నాన్న చిన్న గొంతుతో.

అందరూ నవ్వారు. నేను కలిపిన ముద్ద కంచంలో వదిలేశాను. మా నాన్న కూడా పిరికివాడేనని, ఇది మా వంశానికి వచ్చిన ఆస్తి అని ఆ క్షణాన తెలిసింది. చెయ్యి కడుక్కుని నేరుగా బాబాయి ఇంటికి నడిచాను. నడిచానంటే ధైర్యంగా కాదు. గుమ్మం దాకా వెళ్ళి రెండు సార్లు వెనక్కి వచ్చాను.

చెప్పాను. నీళ్ళు, బస్తాలు, ఆ మాట, అన్నీ. ఆయన తిడతాడనుకున్నాను. మంచం మీద కూర్చుని గరాటు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నాను ఇన్నాళ్ళూ నా మీదే అనుమానపడ్డానురా," అన్నాడు. "ముసలాడివైపోయేవు, ఏదో మర్చిపోయి కలిపేసుంటావు అనుకున్నాను. రోజూ వెళ్ళి తూకాలన్నీ మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను."

దానికంటే తిట్టినా బాగుండేది.

మర్నాడు పెద్దసారు గదిలోకి వెళ్ళి, ముందు రెండు రోజులు సెలవు అడిగాను. (భయం అలాంటిది.) ఆయన అచ్ఛా అన్నాక బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి, బాబాయినీ మేనేజరునీ పిలిపించమన్నాను. వాళ్ళు వచ్చాక నిలబడి అంతా చెప్పాను. పెద్దసారు క్యూబుల ఫలితాల కాగితం ముందుకు లాక్కున్నారు. ఈసారి అచ్ఛా అనలేదు. ఆ మాట లేకపోతే ఇంకా భయంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

"ఇట్లనే చెయ్యుమని మనం పాళ్ళు చెప్పినమనుకో, తప్పయితే మనది," అన్నారు చివరికి. "ఇంత బలం గావాలె అని అడిగినమనుకో, మనం చేతులు కట్టుకోని నిలవడాలె. నువ్వు బలం వాళ్ళను అడిగినవు, గరిటె నువ్వు పట్టినవు. రెండూ నడవయి పిలగా."

చివరి లారీ పోసిన మేర గోడ పగలగొట్టించారు. ఖర్చు మా ఆఫీసు మీద పడింది. ప్లాంటు పేరు నిలబడింది. నన్ను తీసేయలేదు, ఎందుకో ఇప్పటికీ అడిగే ధైర్యం చాలలేదు. పగలగొట్టినన్నాళ్ళూ ఎండలో పక్కనే నిలబడ్డాను. మళ్ళీ పోసే రోజున బాబాయి స్కూటరు వెనక ఎక్కి, గరాటు ఒళ్ళో పెట్టుకుని, ప్లాంటు నుంచి లారీ వెనకే సైటుకు వెళ్ళాను. గేటు దగ్గర బొగ్గు బండి కోసం ఆగినప్పుడు కాలనీ పిల్లలు చుట్టూ మూగి కుల్ఫీ అడిగారు. లేదని చెప్పడం నా వంతయింది. ఆ తరువాత ఆ సైటు అయ్యేదాకా గరాటు మోయడం నా డ్యూటీయే. ఎవరూ వేయలేదు, నేనే వేసుకున్నాను.

ఇప్పుడు నేనూ ఒప్పందాలు రాయిస్తాను, అందులో పాళ్ళు ఉండవు. లారీ రాగానే చేతులు వెనక్కి కట్టుకుంటాను. మా కుర్ర ఇంజనీర్లు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. బాబాయి రిటైరయ్యాడు, చూపు మందగించింది. కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళతాను. కోని దారిలో ఆ ట్యాంకు రాగానే, వెనక సీటు మీంచి నా భుజం తడతాడు. బండి ఆపి, వెళ్ళి, గోడకు అరచేయి ఆనించి వస్తాను.

"చూసేవేట్రా?" అంటాడు.

"చూసేను బాబాయి. పొడిగా ఉంది."

అప్పుడు గాని బండి ఎక్కనివ్వడు.