బట్టీ దేదీప్య

దేదీప్య మా ఇంటికొచ్చిన మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది, ఈ పిల్ల మామూలు పిల్ల కాదని. వంటింట్లో మైక్రోవేవ్ తలుపు మీద కంపెనీవాళ్ళు అంటించిన హెచ్చరికల కాగితాన్ని ఒకసారి చూసింది, అంతే. సాయంత్రం నేను అందులో స్టీలు గిన్నె పెట్టబోతుంటే, వెనక నించుని ఆ హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. చివర ఉన్న ఫోన్ నంబరు కూడా చెప్పింది. నేను గిన్నె కింద పెట్టేశాను.

ఇది 2011 సంగతి. మేముండేది అమెరికాలో, నోవై అనే ఊళ్ళో. మా ఆయన మల్లికార్జునరావుగారు కార్ల కంపెనీలో సీట్లు డిజైన్ చేస్తారు. ఇంట్లో మాత్రం నేను చూపించిన సీట్లో కూర్చుంటారు. మాకు గంట దూరంలో ఒక చిన్న కాలేజీ ఉంది. దానికీ, ఏలూరులో దేదీప్య చదివే డిగ్రీ కాలేజీకీ ఏదో ఒప్పందం. ఏటా అక్కడి నుంచి ఒక పిల్ల వచ్చి ఇక్కడ ఏడాది చదువుతుంది, ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి వెళ్తారు. దేశం కాని దేశంలో పిల్ల బెంగపెట్టుకోకుండా, చుట్టుపక్కల ఉండే ఏదో ఒక కుటుంబానికి కాలేజీవాళ్ళు ఆమెను అప్పగిస్తారు. ఆ ఏడు మా వంతు వచ్చింది. శనివారం తెచ్చుకోవడం, రెండు పూటలా కడుపునిండా పెట్టడం, ఆదివారం సాయంత్రం కూరల డబ్బాలతో సహా హాస్టల్లో దింపి రావడం, ఇదీ మా డ్యూటీ.

పిల్ల నెమ్మది. ఏం పెట్టినా తింటుంది. ఎలా ఉందమ్మా అంటే "చాలా బాగుంది ఆంటీ" అంటుంది. బెండకాయ వేపుడు మాడినా అదే మాట, పప్పు ఉడక్కపోయినా అదే మాట. మెచ్చుకుంటే ఎవరికి చేదు? నేను ఇంకో గరిటె వడ్డించేదాన్ని.

దాని ఇంటర్ చదువు విజయవాడలో, హాస్టల్లో సాగింది. తెల్లవారుజామున నాలుగింటికి బెల్లు కొట్టగానే అందరూ పుస్తకాలు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టాలి. అమెరికా వచ్చినా దీనికి ఆ నాలుగింటి బెల్లు మానలేదు. రూమ్మేటు నిద్ర చెడగొట్టకూడదని కింద బట్టలు ఉతుక్కునే గదిలోకి వెళ్ళి, డ్రయ్యర్ల మధ్య తిరుగుతూ కళ్ళు మూసుకుని గొణుక్కునేది. రూమ్మేటు పేరు మెగన్. ఆ అమ్మాయి ఒకరోజు సాకర్ ప్రాక్టీస్‌కి పెందలాడే బయల్దేరి, దారిలో ఇదంతా చూసి, దేదీప్య జపం చేసుకుంటోందనుకుంది. హాస్టలంతా పాకింది ఆ వార్త. మన పిల్ల ఎదురొస్తే అందరూ గొంతు తగ్గించి మాట్లాడ్డం, పరీక్షల ముందు తమ పేర కూడా కాస్త జపం చేయమని అడగడం. జనం ఎందుకింత మర్యాదగా ఉన్నారో దీనికి తెలియలేదు. అమెరికావాళ్ళు చాలా మంచివాళ్ళు ఆంటీ అని నాతో చెప్పింది. అది జపించేది అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకం, ఏడో అధ్యాయం.

అక్టోబరు చివర్లో ఆ చరిత్రకే మిడ్‌టర్మ్ పరీక్ష. పుస్తకాలు గది బయట పెట్టి వచ్చి రాయాలి. 1930ల కాలంలో ఇక్కడ దుమ్ము తుపానులు చెలరేగి రైతులు పొలాలు వదిలి పోయారు కదా, అందుకు కారణం ఏమిటి, నీ అభిప్రాయం రాయి అని ప్రశ్న. దేదీప్య ప్రశ్న చూసింది. ఎడంవైపు పేజీ, కింది నుంచి రెండో పేరా అని గుర్తుపట్టింది. రాసేసింది. ఎంత నిష్ఠగా రాసిందంటే, మధ్యలో "ఎదుటి పేజీలోని పటాన్ని చూడండి" అన్న వాక్యం కూడా వదల్లేదు. ముఖ్యమైన మాటల కింద స్కేలు పెట్టి గీతలు కొట్టింది.

వాళ్ళకి చరిత్ర చెప్పే ప్రొఫెసర్ హార్లన్ ఆ పటం కోసం ఎదుటి పేజీ తిప్పి చూసిందో లేదో నాకు తెలియదు. పాఠ్యపుస్తకం మాత్రం తీసి చూసింది.

వారం తిరక్కుండా పిలుపొచ్చింది. పరీక్షలో కాపీ కొట్టిందని అనుమానమట, కాలేజీ హానర్ బోర్డు ముందు విచారణట. తప్పు చేసినట్టు తేలితే ఏడాది చదువూ వీసా రెండూ రద్దు, సెమిస్టర్ మధ్యలోనే ఏలూరు ప్రయాణం. ఇదంతా అదే నాకు ఫోన్ చేసి చెప్పింది. ఇంటర్ పరీక్షల్లో కిటికీలోంచి చీటీలు వచ్చి పడుతుంటే కాలితో అవతలికి నెట్టేసిన పిల్ల అది.

"పంపేస్తే పంపేయనీండి ఆంటీ. కాపీ కొట్టి దొరికిపోయి వచ్చిందంటారు చూడండి, అది మాత్రం నేను తట్టుకోలేను," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. విచారణకి తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చట కానీ ఆ వచ్చినవాళ్ళు నోరు విప్పకూడదట. ఈ నియమం వినగానే మా ఆయన, అయితే నేను వెళ్తాను, నాకు అలవాటే కదా అన్నారు. ఆయన వంక ఒక చూపు చూసి, కారు తాళాలు తీసుకుని నేనే బయల్దేరాను. ఆ ఏటి మొదటి మంచు అప్పుడే పడుతోంది. వైపర్లు కొట్టుకుంటుంటే దారిపొడుగునా ఇంగ్లీషులో ఎవరెవరిని ఏమేం అనాలో పోగేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

బల్ల చుట్టూ ముగ్గురు టీచర్లు, ఇద్దరు స్టూడెంట్లు. పక్కన ప్రొఫెసర్ హార్లన్. పాత ఊలు స్వెటరు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. తీరా చూస్తే అందరికంటే ఆవిడే ఎక్కువ బాధపడుతోంది. అది చూసి నా కోపం ఇంకా పెరిగింది. తిట్టుకోవడానికి వీల్లేని మనిషిని ఏం చేసుకోవాలి?

మెగన్ సాక్ష్యం చెప్పడానికి తనంత తనే వచ్చింది, పాపం. రోజూ తెల్లారకముందే లేచి దేవుణ్ణి తలుచుకునే అమ్మాయి కాపీ కొట్టదు అని గట్టిగా చెప్పింది. బోర్డువాళ్ళ ముఖాలు కాస్త మెత్తబడ్డాయి. నేను హమ్మయ్య అనుకునేలోపల మన సత్యహరిశ్చంద్రుడి మనవరాలు లేచి నించుని, క్షమించండి, అది దేవుడు కాదు, ఏడో అధ్యాయం అని చెప్పింది. నేను కళ్ళు మూసుకున్నాను.

పుస్తకం మొత్తం బట్టీ పట్టానని అది చెబితే వాళ్ళకి ఎక్కలేదు. పద్యాలు నేర్చుకుంటారు, నాటకంలో మాటలు నేర్చుకుంటారు, చరిత్ర పుస్తకాన్ని నోటికి నేర్చుకునేవాళ్ళు ఎక్కడుంటారని వాళ్ళ సందేహం. అప్పుడు ప్రొఫెసర్ హార్లన్ పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి సగం వాక్యం చదివి ఆగింది. దేదీప్య కళ్ళు పైకప్పు వైపు తిప్పింది. మిగతా సగం అందుకుంది. పేజీ అయిపోయింది, బొమ్మ కింద రాసిన ముక్క అయిపోయింది, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదీ అయిపోయింది, తరవాతి పేజీలోకి వెళ్ళిపోయింది. చాలమ్మా అని ఒకాయన అంటే, చెయ్యెత్తి ఆగమని సైగ చేసింది. పేరా మధ్యలో ఆపితే దానికి మళ్ళీ మొదటి నుంచి రావాలి. స్టూడెంట్లలో ఒకడు చప్పట్లు కొట్టబోయి పక్కవాళ్ళ ముఖం చూసి మానేశాడు. నేను మాత్రం గర్వంగా బల్ల చుట్టూ ఒక్కొక్కరి ముఖమే చూశాను.

ప్రొఫెసర్ పుస్తకం మూసింది. "నువ్వు కాపీ కొట్టలేదు. అనుమానించినందుకు నన్ను క్షమించు," అంది. నేను హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకున్నాను. ఆవిడ ఇంకా అయిపోలేదన్నట్టు ముందుకు వంగింది. "ఇప్పుడు నువ్వు చెప్పిందంతా నిజమని నీకు అనిపిస్తోందా?"

దేదీప్య నా వైపు తిరిగింది. నేను నోరు విప్పకూడదు.

"అది పుస్తకంలో లేదు మేడమ్," అంది.

ఎవరూ నవ్వలేదు. తప్పు లేదని బోర్డు తేల్చింది. కానీ అడిగింది నీ అభిప్రాయం, ఇందులో అది లేదు కాబట్టి ఈ జవాబుకి మార్కులు లేవు, వచ్చేవారం మళ్ళీ రాయమంది ప్రొఫెసర్. అది ఫెయిలైతే కోర్సు పోతుంది, కోర్సు పోతే వీసా నిలవదు. తిరిగి తిరిగి ఏలూరు ప్రయాణం దగ్గరికే వచ్చాం.

ఆ శనివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. తిరగడం లేదు, గొణగడం లేదు. ఒక వాక్యం రాయడం, కొట్టేయడం. మధ్యాహ్నానికల్లా కాగితాలన్నీ ఉండలు చుట్టేసింది. "నాకు ఏమీ అనిపించట్లేదు ఆంటీ. ఇంతవరకూ ఎవరూ అడగలేదు," అంది. దాని ముఖం చూసి నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపం వస్తుంది.

అన్నాలు వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగాను, సాంబారు ఎలా ఉందని.

"చాలా బాగుంది ఆంటీ."

"ఆగస్టు నుంచీ ఇదే పేరా అప్పజెబుతున్నావు. పుస్తకం మూసి చెప్పు."

మా ఆయన ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. దేదీప్య ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, ఈసారి రుచి చూసింది.

"ఉప్పెక్కువ ఆంటీ. మొదటి రోజు నుంచీ."

"ఎందుకని?"

"పప్పులో ఒకసారి వేస్తారు. పోపు పెట్టేటప్పుడు అంకుల్‌ని ఏదో ఒకటి అంటూ మళ్ళీ వేస్తారు. అంకుల్ గరాజ్‌లో ఉన్న రోజు కరెక్ట్‌గా ఉంటుంది."

అంకుల్‌కి పొలమారింది. మంచినీళ్ళకని లేచి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. వంటింట్లోంచి ఒక రకం చప్పుడు వినిపించింది. ఆయన సంగతి తరవాత చూడొచ్చని ఊరుకున్నాను. నాకు చురుక్కుమంది, లేదనను. పెళ్ళయి ఇన్నేళ్ళకి నా సాంబారుకి వంక పెట్టిన మొదటి ప్రాణి అది.

"చూశావా, అభిప్రాయం అంటే ఇదే. కారణం కూడా చెప్పావు. పోయి ఆ పరీక్షలో ఇలాగే రాయి," అన్నాను.

ఉప్పు గురించి అన్నది తనేనా అన్నట్టు అది నా వంక చూసింది. తరవాత పుస్తకం తెరిచింది. ఆదివారం కారులో వెళ్తూ, దారంతా నా చెవి తినేసింది. పొలాలు పాడవడానికి రైతులే కారణమని పుస్తకం పేజీలకి పేజీలు రాసిందట. గోధుమ ధర ఆశ చూపించి, గడ్డినేలలన్నీ దున్నించినవాళ్ళ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టిందట. అదెలా న్యాయం ఆంటీ అని నా మీదకొచ్చింది, ఆ పుస్తకం నేనే రాసినట్టు.

తరవాతి వారం మా పక్క ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్ళ కొట్లో కరివేపాకు ఏరుకుంటుంటే ఫోనొచ్చింది.

"ఆంటీ, సీ ప్లస్ వచ్చింది."

ఎల్‌కేజీ నుంచీ ఫస్టు ర్యాంకు తప్ప ఎరగని పిల్ల. ఏడుస్తోంది. పాసైతే పాసే, ఇంక నిన్నెవరూ పంపరు, ఊరుకోమ్మా అన్నాను.

"అందుక్కాదు ఆంటీ. పేపరంతా ఎర్ర ఇంకుతో రాశారు మేడమ్. ఇది నేనొప్పుకోను, దీనికి ఆధారమేదీ, ఇది బాగా పట్టుకున్నావు అని. మేడమ్ నాతో వాదించారు ఆంటీ. పుస్తకంతో కాదు. నాతో."

కొట్లో అందరూ చూస్తుండగా, చేతిలో కరివేపాకు పట్టుకుని నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చి అదే ధ్యాసలో సాంబారు పెట్టాను. అసలు ఉప్పు వేయడమే మర్చిపోయాను. మల్లికార్జునరావుగారు వంచిన తల ఎత్తకుండా మొత్తం తిని, చాలా బాగుందన్నారు.